ఆపత్కాలమునకొక నెలవు

రేపు తెల్లవారుజామున మీరు నిద్రలేచి కాలు క్రింద మోపునప్పటికి ఇంటిలో మోకాటిలోతు నీరున్నచో, పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని ఎక్కడికి పోవుదురు? ఏ దారిని పోవుదురు? అక్కడ మీకు తలుపు తీయువారెవరు? ఈ మూడు ప్రశ్నలకును తడుముకొనకుండ సమాధానము చెప్పగలవారు ఈ అధ్యాయమును విడిచి ముందునకు పోవచ్చును. చెప్పలేనివారు, అనగా మనలో చాలమంది, కొంత తీరిక చేసికొని చదువుడు.

2023 జులై 27వ తేదీన, ఇంకను పూర్తిగా తెల్లవారకముందే, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని మోరంచవాగు ముంచివేసెను. ఆ ఒక్క దినపు లెక్కలో అదే జిల్లాలోని చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, పొరుగున ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు వాన కురిసెను. ఊరివారు స్లాబు ఇండ్లమీదికి, చెట్లమీదికి ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి; సైన్యపు హెలికాప్టరులును, పడవలును వచ్చి వారిని దించవలసివచ్చెను; నలుగురు కొట్టుకొనిపోయిరి; కట్టుకొయ్యలకు కట్టివేసిన పశువులు కట్టినచోటనే మునిగి చచ్చెను. మోరంచపల్లి కొండకోనలలో దాగిన ఊరు కాదు. భూపాలపల్లి నుండి పరకాలకు పోవు పెద్దరోడ్డు ప్రక్కన, బస్సులు నిత్యము తిరుగుచోట నున్నది.

ఇట్టి వార్తను విన్నవానికి సహజముగా కలుగు ఆలోచన యొకటి కలదు. ఎక్కడనో జనసంచారము లేని దూరమున, గుట్టల నడుమనో అడవి యంచుననో, ఒక యెకరము నేల కొని చిన్న యిల్లు కట్టుకొన్నచో, ఎట్టి యుపద్రవము వచ్చినను అక్కడికి పోయి తలదాచుకొనవచ్చునను ఆలోచన యది. చేతిలో నాలుగు డబ్బులున్న ఉద్యోగులు హనుమకొండలోను, హైదరాబాదులోను కూర్చుండి ఇట్టి స్థలములను వెదకుచున్నారు. వారి ముందుచూపును నేను మెచ్చుకొందును. వారు ఎంచుకొను కొలబద్దను మాత్రము మెచ్చుకొనజాలను. ఏలయన, మన ప్రాంతమున గడచిన కొన్ని యేండ్ల యనుభవము, దూరమును ఏకాంతమును రక్షణము కావని మరల మరల చెప్పుచున్నది.

మోరంచపల్లికి ఒక్క దినము ముందు, ములుగు జిల్లా అడవిలోని ముత్యాలధార జలపాతమును చూడబోయిన పర్యాటకులు సుమారు 80 మంది, నడుమ వాగు పొంగుటచే ఆ రాత్రి అడవిలోనే చిక్కుపడిరి. విపత్తు దళములవారు పోయి వారిని బయటికి తీసికొనివచ్చిరి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారము నడుమ అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు కూకటివేళ్లతో కూలెను. ఆ మరునాటి తెల్లవారుజాము వరదకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రము నడుమ రైలుపట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. ఆకేరు పొంగి మరిపెడ మండలములోని సీతారాంతండా నీటి పాలయ్యెను. పురుషోత్తమాయగూడెమువద్ద వంతెన దాటబోయిన కారు తండ్రీకూతుళ్లతో సహా ప్రవాహములో పడిపోయెను. ఆ కారులోనివారు నిర్లక్ష్యముగా తిరుగుచున్నవారు కారు. పనిమీద ప్రయాణమై పోవుచున్నవారు. చీకటిలో ఆ వంతెన వారిని మోసగించెను.

కావున నెలవును ఎంచుకొనునప్పుడు ఎంత దూరమని అడుగకుడు. ఎంత ఎత్తున నున్నది, దారిలో ఎన్ని వాగులున్నవి, నీరెక్కడిది, ప్రక్కన ఎవరున్నారు అని అడుగుడు. ఈ అధ్యాయములో చెప్పవలసినదంతయు ఈ నాలుగు ప్రశ్నలలోనే యున్నది.

1. ఏ యాపదకు సిద్ధపడుచున్నారో ముందు తేల్చుకొనుడు

జనగామ మెట్టప్రాంతము, అక్కడ వరదకంటె నీటి కరువు పాత శత్రువు. ఎండకాలమున బోర్లు ఎండి, ఊళ్లకు ట్యాంకరులు తిరిగిన దినములు అక్కడివారికింకను గుర్తున్నవి. మహబూబాబాద్‌కు ఆకేరు, మున్నేరు, పాలేరు ఉన్నవి. భూపాలపల్లికి వాగులతోపాటు కాళేశ్వరము దిక్కున గోదావరియు, పట్టణము చెంతనే బొగ్గు గనులును ఉన్నవి. వరదయైనచో గంటలలో కదలవలెను, రెండుమూడు దినములు నిలువవలెను. అంటువ్యాధియైనచో కదలుటకు వ్యవధి యుండును గాని రెండు వారములు విడిగా నుండవలెను. 2021లో నల్లగొండ జిల్లాలోని కొత్తనందికొండ తండాలో ఒక విద్యార్థి, కరోనా సోకి, ఇంటిలో వేరు గది లేక, చెట్టుమీద మంచె కట్టుకొని 11 దినములు ఒంటరిగా గడపిన సంగతి పత్రికలలో చదివియుందురు. ఆ దినములలో పొలముకడ చిన్న కొట్టమున్నవారు ఎంత నిశ్చింతగా నుండిరో మన ఊళ్లలో ఎవరినడిగినను చెప్పుదురు. ఒకే నెలవు అన్ని యాపదలకును చాలినచో మంచిదే. చాలనిచో మీకు ముందుగా రాగలదానికి సిద్ధపడుడు.

2. తరి విడిచి చెలకను చూడుడు; పిదప దారిని చూడుడు

స్థలమును వేసవిలో చూచి మోసపోవుట అందరును చేయు మొదటి తప్పు. మే నెలలో ఒర్రె యనునది ఇసుక దారివలె తోచును. పిల్లలందు క్రికెట్టు ఆడుచుందురు. అమ్మజూపువాడు దానిని బండ్లబాట యనియే చూపును. కాబట్టి కొనబోవు స్థలమైనను, మీ పెద్దలనాటి చెలకయైనను, శ్రావణ భాద్రపదములలో, పెద్దవాన వెలసిన మరునాడు పోయి చూడుడు. నీరు ఏ వైపునుండి వచ్చి ఏ వైపు పోవుచున్నది? పైన చెరువున్నచో దాని మత్తడి ఏ దిక్కున దుముకుచున్నది? తుమ్మచెట్ల కొమ్మలకు, కంచె తీగలకు ఎండిన గడ్డియు, చెత్తయు ఎంత ఎత్తున చిక్కుకొని యున్నవి? ఆ చెత్త మీ నడుము ఎత్తున నున్నదన్నచో, ఒక రాత్రి నీరు మీ నడుము దాక వచ్చినదనియే అర్థము. ఆ గుర్తును మించిన సాక్ష్యము ఏ కార్యాలయములోను దొరకదు.

తరువాత ఊరి నీరటికాని దగ్గరకు పోవుడు. చెరువు తూములను, కాలువలను తరతరములుగా కనిపెట్టుకొని యుండు కుటుంబము వానిది. "నీరటి తాతా, ఈ చెలకకు ఎప్పుడన్న నీళ్లొచ్చినయా?" అని అడిగినచో, ఏ యేడు కట్ట తెగెనో, ఏ యింటి గోడ కూలెనో ఆయన వేళ్లమీద చెప్పును. ఆయనతో ఒక చుట్టు తిరిగి వచ్చుటకు ఒక పూట వ్యర్థమైనదని తలపకుడు.

స్థలము కుదిరినపిదప దారిని పరీక్షింపుడు. మీ ఇంటినుండి నెలవు దాక ఎన్ని లోలెవల్ వంతెనలు, ఎన్ని కల్వర్టులు ఉన్నవో కాగితముమీద వ్రాసికొనుడు. దారిలో ఒక్క వాగున్నను అది మీ నెలవు కాదు, మీ ఆశ మాత్రమే. భూపాలపల్లి మండలములోని ఒక సింగరేణి కార్మికుని ఊహింపుడు. అతని అత్తవారిల్లు పది మైళ్ల దూరమున విశాలమైన పెంకుటిల్లు. నడుమ రెండు వాగులు. అతని బడి స్నేహితుని ఇల్లు మైలు దూరమున రెండు గదుల స్లాబు ఇల్లు, ఎత్తున నున్నది, దారిలో వాగు లేదు. అతనికి నెలవు ఏది? బంధుత్వపు గౌరవము ఎంతయున్నను, ఆ రాత్రికి రెండవదే.

ఇక్కడ మరియొక మాట గట్టిగా చెప్పవలెను. పారు నీరు అడుగు లోతున్నచో చిన్నకారును త్రోసివేయగలదు. రెండడుగులున్నచో పెద్ద వాహనములనే తేల్చును. చీలమండ దాటిన వడినీటిలో మనిషి కాలు నిలువదు. దారి నీటిలో మునిగిన పిదప నెలవునకు బయలుదేరుట నెలవు లేకుండుటకంటె ప్రమాదకరము. అట్టి వేళ మీ ఇంటి డాబాయే, సర్కారు బడి మేడయే మీ నెలవు. ములుగు జిల్లాలోని కొండాయి గ్రామమున 2023లో పలువురు సురక్షితస్థలమునకు తరలిపోవుచుండగానే వరద పాలైరి. కావున బయలుదేరు ఘడియను వాన కురియుచుండగనే, నీరు ఇంకను వాగులో నుండగనే నిర్ణయింపవలెను. మా మాట కాదు, వాగు మాట వినుడు. వంతెన క్రింద ఏదో ఒక రాతికి ఎర్ర రంగు గుర్తు పెట్టి, నీరు దానిని తాకినచో కదలవలెనని ఇంటిలో అందరును ముందే ఒప్పుకొనుడు; ఆ రాత్రి చర్చకు తావుండరాదు.

3. హక్కు లేని నేలపై ఇటుక పెట్టకుడు

కొత్తగూడ, గంగారం, బయ్యారం, గార్ల మండలములందలి షెడ్యూల్డ్ ప్రాంతములలో గిరిజనేతరులు భూమి కొనుట 1959 నాటి నిబంధనములకు 1970లో చేసిన సవరణచే చెల్లదు; జనము దానినే వన్ ఆఫ్ సెవెంటీ చట్టమందురు. నోటిమాటమీద, తెల్లకాగితముమీద అమ్మువారుందురు. అది గిరిజనుని నేలను అపహరించుటయే కాని మీ కుటుంబమును రక్షించుట కాదు. అటవీభూమియు, చెరువు శిఖమును అంతే. శిఖమునందు కట్టిన ఇల్లు చట్టమునకే కాదు, నీటికిని అడ్డము.

కొనవలెననియే నియమము లేదని ఇక్కడనే చెప్పవలెను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాలలో ఎక్కువమందికి తాతలనాటి చెలకయో, ఎత్తున నున్న మేనమామ ఇల్లో ఉండనే యున్నది. దానిని సిద్ధపరచుకొనుట క్రొత్తది కొనుటకంటె ఎన్నియో రెట్లు మేలు.

4. నీటిని ముందుగా లెక్క పెట్టుడు

మనిషికి త్రాగుటకు దినమునకు మూడు లీటర్లు. అయిదుగురున్న ఇంటికి మూడు దినములకు 45 లీటర్లు. 20 లీటర్ల క్యానులు మూడు నింపి నీడను పెట్టి, నెలకొకసారి మార్చుచుండుడు. పిదప శాశ్వతపు నీటిని చూడుడు. కరెంటు లేనినాడు బోరు పనిచేయదు. చేదబావియో, చేతిపంపో దగ్గర నుండవలెను. జనగామ ప్రాంతపు బోరు నీటిని త్రాగుటకు ముందు పరీక్ష చేయింపుడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు గల నీరు, చూచుటకు ఎంత తేటగా నున్నను, పిల్లల పండ్లను, ఎముకలను పాడుచేయును.

బావి నీటిని శుద్ధిచేయుటకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చాలును. రెండు మీటర్ల వెడల్పు గల చేదబావిలో మూడు మీటర్ల నీరున్నదనుకొనుడు. అది సుమారు 9,400 లీటర్లు. దానికి 24 గ్రాములు కావలెను. పొడిని తిన్నగా బావిలో చల్లుట సాధారణపు తప్పు. బకెట్టులో కొంచెము నీటితో మెత్తగా కలిపి, ఇంకను నీరు పోసి, పది నిమిషములు కదపక ఉంచినచో సున్నము అడుగునకు దిగును. పైతేటను మాత్రము చేదలో పోసి, చేదను నీటిలో ముంచి పైకి క్రిందికి ఆడించుడు. గంట గడచినపిదప వాడుకొనవచ్చును. వరద నీరు చేరిన బావిని మాత్రము తోడించి, ఆరోగ్యకార్యకర్తకు చూపనిదే ముట్టకుడు.

5. ఇల్లు చిన్నదైనను గద్దె ఎత్తుగా నుండవలెను

ఒక గది, ఒక వసారా, బయటినుండి డాబామీదికి మెట్లు: ఇంతకు మించి అక్కరలేదు. మెట్లు ఇంటిలోపలనుండి యున్నచో, నీరు నిండినపుడు వానిని చేరుటయే కష్టము. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లా కేంద్రముగా 5.3 తీవ్రతతో భూమి కంపించినది. పగుళ్లువారిన పాత మట్టిగోడను నమ్ముకొనకుడని అది మనకు చెప్పిపోయెను. ఇంటి చుట్టు పది గజములు కంప కొట్టించి శుభ్రముగా నుంచుడు. కట్టెలమోపును గోడకు ఆనించి పేర్చకుడు. వరదకు పుట్టలలో నీరు చేరి పాములు మనము చేరిన ఎత్తునకే చేరును. కట్లపాము రాత్రిపూట నేలమీద పండుకొన్నవారినే కరచును. కాబట్టి మంచము, దోమతెర, టార్చిలైటు తప్పనిసరి. కరచినచో కోయుట, పీల్చుట, మంత్రమునకై తిరుగుట మానుడు. కాలు కదలనీయక 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చుడు. మూడు జిల్లాలలోను ఇప్పుడు ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి. దారి తెలిసియుండుట మీ పని.

ఉరుములున్నపుడు ఒంటి చెట్టు క్రింద నిలువరాదని అందరికిని తెలియును. అయినను వాన పడగానే కాళ్లు అటే పోవును. చెలకలో తాడిచెట్టును, వేపచెట్టును విడిచి, ఇంటిలోనికి నడచుట పిల్లలకు అలవాటు చేయుడు.

పశువుల మాట మరచిపోకుడు. మోరంచపల్లిలో మూగజీవములు చచ్చుటకు నీరెంత కారణమో మెడలోని పలుపు అంత కారణము. ఒక్క లాగుతో విడిపోవు జారుముడిని ఇంటిలో పదేండ్ల పిల్లవాడును వేయగలుగునట్లు నేర్పుడు. దానికి పైస ఖర్చు లేదు.

6. తినుదానినే దాచుడు, దాచినదానినే తినుడు

పెద్ద పట్టణములలో ఆపత్కాలపు ఆహారమని డబ్బాలలో ఏవేవో అమ్ముచుందురు. మనకు అవి ఏల? అయిదుగురికి పదునైదు దినములకు, మనిషికి దినమునకు 400 గ్రాముల చొప్పున 30 కిలోల బియ్యము, ఆరు కిలోల పప్పులు, రెండు లీటర్లకు పైబడిన పల్లినూనె, ఉప్పు, కారము, చింతపండు, బెల్లము. పొయ్యి వెలిగింపలేని మొదటి రెండు దినములకు అటుకులు, పేలాలు, సత్తుపిండి, మామిడి తొక్కు. మన పెద్దలు వెదురు గుమ్ములను పేడతో అలికి వడ్లను, భూమిలో పాతర వేసి జొన్నలను ఏడాదికి మించి కాపాడినవారు. వారికి ఈ విద్య క్రొత్త కాదు, మనమే మరచితిమి.

దాచి మరచుట రెండవ పెద్ద తప్పు. రెండేండ్లకు తలుపు తీసినచో బియ్యములో పురుగు, పప్పులో తుట్టె, నూనెలో చెడువాసన. బియ్యపు డబ్బామీద నింపిన తేదీని బొగ్గుతోనైనను వ్రాయుడు. మూడు నెలలకొకసారి దానిని ఇంటికి తెచ్చి వండుకొని, క్రొత్తవి నింపి పంపుడు.

మందులలో మీ ఇంటి వృద్ధులు నిత్యము వాడునవి పదునైదు దినములకు సరిపడ వేరుగా నుంచుడు. పంచదార, ఉప్పు నెలవులో నున్నచో విరేచనములకు మొదటి మందు ఉన్నట్లే: లీటరు శుద్ధజలమునకు ఆరు చదునైన చిన్నచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, పిల్లల సర్టిఫికెట్లు, వీని నకళ్లను ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును స్టీలు డబ్బాలో పెట్టుడు. ఒక సాధారణపు బటన్ ఫోను, నిండుగా ఛార్జి చేసిన పవర్ బ్యాంకు, బ్యాటరీ రేడియో, గోడమీద పెద్ద అక్షరములతో 112, 108, జిల్లా విపత్తు కేంద్రపు 1077 వ్రాసి యుంచుడు. డాబామీద చిక్కుకొన్నవారికి ఫోనులోని చివరి గీత ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

7. ఒంటరి కోటను కట్టకుడు

1948 సెప్టెంబరు పిదప, జనగామ మైదానములనుండి గోదావరి అడవులకు తరలిన తెలంగాణ సాయుధ పోరాట దళములవారి చరిత్రను చదివినవారికి ఒక్క సంగతి స్పష్టముగా తెలియును: వారిని బ్రదికించినది అడవి కాదు, ఆ అడవిలోని గూడెములవారు పెట్టిన అన్నము. మీ నెలవు చుట్టు నలుగురు తెలిసినవారు లేనిచో, అది మీరు లేనపుడు దొంగలకు, మీరున్నపుడు భయమునకు ఇల్లగును.

పొరుగువారితో మాటలాడుటకు మొగమోటపడకుడు. జఫర్‌గఢ్‌లో అక్క అత్తవారిల్లు గుట్టవైపున నున్న ఒక యువకుడు తన బావతో ఇట్లు మాటలాడవచ్చును:

"బావా, వానకాలం మాకేమన్న అయితే పిల్లలను తీసుకొని నీ కాడికే వస్తం. ముప్పై కిలోల బియ్యం ఇప్పుడే నీ ఇంట్ల పెట్టిపోత."

"మా ఇంట్ల బియ్యం లేవా, బామ్మర్దీ? నువ్వు ఒట్టి చేతుల్తోని రా."

"ఉన్నయి, బావా. నీకు అక్కర వడితే అవే వాడుకో, మళ్ల నింపుకుందాం. మీకు నీళ్ల కరువొస్తే మీరు మా కాడికి రావాలె. మాట్లాడుకుంటె మంచిగుంటది."

ఇంత చిన్న సంభాషణముతో రెండు కుటుంబములకు రెండు నెలవులు ఏర్పడెను. ఇచ్చిపుచ్చుకొనుట స్పష్టముగా నున్నచో వచ్చినవారికి నామోషి లేదు, ఇచ్చినవారికి బరువు లేదు. పొరుగున ఒంటరి ముసలమ్మ యున్నచో ఆమె పేరునుకూడ మీ జాబితాలో చేర్చుడు. ఆమెను ఎవరు మోయవలెనో ముందే నిర్ణయింపుడు.

8. ఏడాదికొకసారి పోయి ఒక రాత్రి పండుకొనుడు

కాగితముమీది ఏర్పాటు రాత్రిపూట పనిచేయదు. తాళపుచెవి ఎక్కడనున్నదో, పొయ్యి వెలుగునో లేదో, ఫోను సిగ్నలు గదిలో వచ్చునో డాబామీద వచ్చునో, తాతగారు ఆ మెట్లెక్కగలరో లేదో, ఇవన్నియు అక్కడ ఒక రాత్రి గడపిననే తెలియును. దీపములార్పి, బోరు మోటారు వేయక, దాచిన బియ్యమునే వండుకొని తినుడు. పిల్లలకు అది పండుగవలె నుండును. మీకు మాత్రము తక్కువైన వస్తువుల జాబితా చేతికి వచ్చును. అగ్గిపెట్టె మరచితిమనియో, చేదకు తాడు చాలలేదనియో ఆనాడు తెలియుట మేలా, వరదనాడు తెలియుట మేలా?

మృగశిర కార్తె ప్రవేశించినచో వాన మన చేతిలో లేదు. రోహిణి ఎండలు ముగియకముందే ఒక ఆదివారము ఇంటిల్లిపాదియు కూర్చుండి మీ నెలవు పేరు, పోవు దారి, కదలవలసిన గుర్తు, ఈ మూడింటిని ఒక కాగితముమీద వ్రాసి తలుపు వెనుక అంటింపుడు. ఆ సాయంకాలమే బయలుదేరి దారిలోని కల్వర్టులను లెక్కించుచు అక్కడిదాక పోయి రండు.